అలిగిన ముల్లు

"తేలిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్, టోపీ తీసి బల్ల మీద పెడుతూ.

ఆయన నోట ఆ మాట రాని కేసు లేదు. దొంగ దొరికినా తేలిపోయేది, దొరక్కపోయినా తేలిపోయేది. పాతికేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి, ఆ తర్వాత ప్రైవేటు డిటెక్టివ్ అవతారం ఎత్తిన టీచరమ్మకి ఇప్పటికి మూడు కేసుల్లో ఆయన ఎదురుపడ్డాడు. మూడుసార్లూ ఆయన తేల్చింది ఒకటి, చివరికి తేలింది ఇంకొకటి.

సబ్‌స్టేషన్ ఆఫీసు గోడ మీద గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. మూల బెంచీ మీద చేతులకి బేడీలతో ఒక ముసలాయన కూర్చున్నాడు. అందరూ గేజీ తాత అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడి గ్యాసు పీపాల ఒత్తిడి గేజీల్లో ముల్లు ఎక్కడుందో చూసి రిజిస్టర్లో రాయడమే ఆయన ఉద్యోగం. గుమ్మం దగ్గర ఆయన కూతురు నిలబడి ఉంది. టీచరమ్మని పిలిపించింది ఆ పిల్లే. ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నది ఆమె భర్త, ఇక్కడే టెక్నీషియన్. అతన్ని చంపబోయాడని బేడీలు పడింది ఆమె తండ్రికి.

"మా ఆయన అక్కడ, మా నాన్న ఇక్కడ," అంది ఆ పిల్ల. "నన్ను ఏ గుమ్మం దగ్గర కూర్చోమంటారు టీచరమ్మా?"

పాతికేళ్ళ పాఠాల్లో ఏ విద్యార్థినీ అంత కష్టమైన ప్రశ్న వెయ్యలేదు. టీచరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు ఆస్పత్రికి వెళ్ళమ్మా. ఈ గుమ్మం నేను చూసుకుంటాను."

"పదకొండింటికి జీపు బయల్దేరుతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ముసలాయన్ని కోర్టులో అప్పజెప్పాలి. అందాకా మీ ముచ్చట తీర్చుకోండి."

"నాకూ పదకొండింటికే పని," అన్నాడు బల్ల వెనకనున్న ఇంజనీరు, చేతిగడియారం చూసుకుంటూ. నలభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ నలగని చొక్కా. "కొత్తగా బిగించిన నాలుగో లైను ఇవాళ వెయ్యాలి, కరెంటు వదలాలి. నేను ఎనిమిదింటికి వచ్చేసరికి ఇక్కడ ఈ రభస. కాస్త త్వరగా కానిస్తే పుణ్యముంటుంది."

టీచరమ్మ వాచ్‌మన్ వైపు తిరిగింది. "నువ్వు విన్నది విన్నట్టు చెప్పు. టైముతో సహా."

"ఐదూ పదికండీ. పీపాల హాలు గోడ వెనక తిరుగుతున్నా. లోపలి కేబుల్ గొయ్యికి గాలి కోసం పైన గోడలో ఒక జాలీ ఉంది. అందులోంచి గొంతు వినపడింది. బానలో తలపెట్టి మాట్లాడినట్టు, ఇంత లావు గొంతు. అది తాత గొంతేనండీ. ఈ చుట్టుపక్కల అలాంటి గొంతు ఇంకొకరికి లేదు."

"ఏమంటోంది?"

"'నాలుగు వెయ్... నాలుగు వెయ్...' అని. మిగతాది ముక్కలుముక్కలైపోయింది. అల్లుణ్ణి నాలుగు వేస్తానంటున్నాడు కాబోలు అనుకున్నా. ముందురోజు కూడా ఇద్దరూ అరుచుకున్నారు. మామా అల్లుళ్ళ మధ్య మనమెందుకులే అని ఊరుకున్నానండీ." వాచ్‌మన్ తలదించుకున్నాడు. "మనసు ఒప్పక ఐదూ ఇరవైకి లోపలికెళ్ళా. గొయ్యి మూతకి పైన గడియ పెట్టి ఉంది. తీస్తే నిచ్చెనకి బెల్టుతో కట్టేసి ఉన్నాడు, తల వాలిపోయి. పైనుంచే బెల్టు కోసి లాగేశా."

"లోపలికి దిగలేదా?"

"లేదండీ."

"నీ ఆయువు గట్టిది," అంది టీచరమ్మ. ఎందుకన్నదో వాచ్‌మన్‌కి అర్థం కాలేదు.

ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్ తెరిచి ఆవిడ ముందుకు తోశాడు. "హాల్లో లైనుకొకటి చొప్పున ఆరు ఇనప పీపాలున్నాయి. అందులో ఎస్‌ఎఫ్ సిక్స్ అనే గ్యాసు. కరెంటు నిప్పురవ్వ లేవకుండా అణిచిపెడుతుందట. నిన్న మధ్యాహ్నం మూడింటికి ఆరు ముళ్ళూ ఐదు మీదున్నాయి. పక్కన ఇంజనీరు గారి సంతకం. రోజూ ఆ వేళకే చూసి పెడతారు. ఇవాళ పొద్దున ఐదింటికి తాత రాసిన అంకెలు చూడండి. నాలుగోది తప్ప మిగతా ఐదూ నాలుగున్నర. ఒక్క రాత్రిలో ఐదు పీపాల్లోంచి తలా అర బారు ఒత్తిడి మాయం! ఎవరికీ అనుమానం రాకుండా తలా కాస్త తీసి గొయ్యిలోకి వదిలాడు. దొంగ తన చేత్తోనే లెక్క రాసిపెట్టాడు. తేలిపోయింది."

"మరి నాలుగోది?"

"ఐదుకి ఐదు. దాని పక్కన ఏదో పిచ్చిరాత."

టీచరమ్మ చూసింది. వంకర అక్షరాలతో ఒకే మాట ఉంది: 'అలిగింది'. ఆవిడ దాన్ని అప్పటికి అలా వదిలేసి, పక్క గడిలో ఉన్న వేడి అంకెలు చూసింది. నిన్న మధ్యాహ్నం హాల్లో నలభై రెండు డిగ్రీలు. పొద్దున పదిహేను. రేకుల కప్పు, పగలు పెనంలా కాలి తెల్లారేసరికి చల్లబడుతుంది.

"తాతా," అంది ముసలాయన పక్కన కూర్చుంటూ, "పొద్దున ముల్లు ఎందుకు పడింది?"

గేజీ తాత ఆవిణ్ణి జాలిగా చూశాడు. నిజంగానే బానలోంచి వచ్చే గొంతు ఆయనది.

"ఎందుకేమిటమ్మా, చలికి. గ్యాసు చలికి ముడుచుకుంటుంది, ఎండకి ఒళ్ళు విరుచుకుంటుంది. పీపా ఇనుముది కాబట్టి అది పెరగదు, ముల్లు పెరుగుతుంది. డిగ్రీకో గీత."

"ఏమన్నావ్?"

"డిగ్రీకో గీత. గేజీ మీద అంకెకీ అంకెకీ మధ్య యాభై సన్నగీతలుంటాయి. ఒక డిగ్రీ చల్లబడితే ఒక గీత దిగుతుంది. కానీ ఇరవై డిగ్రీలు దాటితే ఎక్కడో ఒక గీత ఎగ్గొడుతుంది. దాని సంగతి నాకు ఇప్పటికీ తేల్లేదు."

టీచరమ్మ ఇన్‌స్పెక్టర్ చేతిలోని పంచనామా కాగితం లాక్కుని, వెనకవైపు పెన్సిలుతో రాయడం మొదలెట్టింది. ఆయన వద్దనే లోపే రెండు వరుసలు అయిపోయాయి.

"చూడండి ఇన్‌స్పెక్టర్ గారూ. గేజీ ఐదు చూపిస్తోందంటే బయటి గాలి ఒత్తిడి కంటే ఐదు ఎక్కువని అర్థం. కాబట్టి లోపల నిజంగా ఉన్నది ఆరు."

"అదేంటి, ఒకటి ఎక్కడ్నించి పుట్టింది?"

"ముల్లు సున్నా దగ్గర పడుకున్నా పీపా ఒట్టిది కాదు బాబూ," అన్నాడు తాత మూలనుంచి. "లోపల ఊరి గాలంత ఉంటుంది."

"విన్నారుగా. వేడిని కూడా మనం మంచుగడ్డ దగ్గర్నుంచి కాదు, అసలు చలికి అడుగెక్కడో అక్కణ్ణుంచి లెక్కపెట్టాలి. రెండు వందల డెబ్భై మూడు కలుపుకోండి. మధ్యాహ్నం మూడు వందల పదిహేను. తెల్లవారుజామున రెండు వందల ఎనభై ఎనిమిది. ఆరుని రెండు వందల ఎనభై ఎనిమిదితో హెచ్చవేసి మూడు వందల పదిహేనుతో భాగించండి. ఐదున్నర వస్తుంది. అందులోంచి ఊరి గాలి ఒకటి తీసెయ్యండి."

ఇన్‌స్పెక్టర్ తీసేశాడు. పెదవులు కదిపి మళ్ళీ తీసేశాడు. రెండుసార్లూ నాలుగున్నరే వచ్చింది.

"పీపాలో గ్యాసు ఎంతుందో అంతే ఉంది. పీపా సైజూ అంతే. అంటే సాంద్రత వెంట్రుకవాసి కూడా మారలేదు. పడింది ముల్లు, పోయింది వేడి. ఆ ఐదు పీపాల్లోంచీ ఒక్క చిటికెడు గ్యాసు కూడా బయటికి రాలేదు."

అంటున్నదే గానీ ఆవిడ మనసు కాగితం మీద లేదు. ఆరు బార్లంటే మూడు వందల గీతలు. వాటిని మూడు వందల పదిహేను డిగ్రీలకి పంచితే డిగ్రీకి ఒక గీత, కాస్త తక్కువ. ఇరవై ఏడు డిగ్రీలకి ఇరవై ఏడు కాదు, ఇరవై ఆరు కూడా నిండదు. తాతకి ముప్ఫై ఏళ్ళుగా తేలని ఆ ఎగ్గొట్టిన గీత ఇదే! ఆ గీతల్ని పట్టుకుని కిందికి దిగుతూ పోతే, దారిలో గ్యాసు ద్రవమైపోయే మాట పక్కన పెడితే, సరిగ్గా సున్నాకి రెండు వందల డెబ్భై మూడు డిగ్రీల కింద అన్నీ అయిపోతాయి. విశ్వంలో అంతకంటే చల్లనిది ఉండదు. ఏ బడిలోనూ కూర్చోకుండా, ఒక రేకుల షెడ్డులో పొద్దునా మధ్యాహ్నం ముల్లు చూస్తూ ఈ ముసలాయన విశ్వానికి అడుగు దాకా మెట్లు లెక్కపెట్టేశాడు. ఆవిడకి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. బేడీలు చూసి కోపం వచ్చింది.

"లెక్కలు బాగానే ఉన్నాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కాగితం మడిచి. "కానీ గొంతుకి లెక్కలుండవు మేడం. గొయ్యిలో వినపడింది ఈయన గొంతు. అల్లుణ్ణి కట్టేసింది ఎవరు, దెయ్యమా? రండి, చూపిస్తాను."

పదీ ఐదుకి అందరూ హాల్లో ఉన్నారు. ఆరు బూడిదరంగు పీపాలు ఒక వరుసలో పడుకుని ఉన్నాయి. నాలుగో పీపాకి ఎదురుగా నేలలో ఇనప మూత. దాని మీద పోలీసు లక్క.

"ఆరింటికే సీలు వేశాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గర్వంగా. "చీమ కూడా దూరలేదు."

మూత తీశారు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు. అడుగున కేబుళ్ళు, ఒక స్పానరు స్పష్టంగా కనిపిస్తున్నాయి. గోడవారగా నిచ్చెన, పై మెట్టుకి వేలాడుతూ తెగిన బెల్టు. ఇన్‌స్పెక్టర్ చొక్కా చేతులు మడిచి నిచ్చెన మీద కాలుపెట్టాడు.

"ఆగండి!"

ఆ కేకకి ఆయన రెండో కాలు గాల్లోనే ఉండిపోయింది. పదో తరగతి ఆడపిల్లలు యాభై మంది ఒక్కసారిగా నోరు మూసుకునే కేక అది.

"వాసనేం లేదు కదా!"

"దానికి వాసన లేదు, రంగు లేదు. మీ దగ్గర భోజనం చుట్టుకొచ్చిన అల్యూమినియం కాగితం ఉందా?"

ఉంది. ఆవిడ దాన్ని సాపు చేసి, అంచులు మడిచి, చిన్నపిల్లలు వాననీళ్ళలో వదిలే పడవ చేసింది. చేతిసంచిలోంచి దారపుచుట్ట తీసి దానికి నాలుగు పోగులు కట్టింది. గొయ్యి అంచున బోర్లా పడుకుని, మెల్లగా, మెల్లగా కిందికి దించింది.

పడవ ఒక మీటరు దిగింది. అక్కడ ఆగిపోయింది.

ఆవిడ ఇంకా దారం వదులుతూనే ఉంది. దారం వదులై మెలికలు తిరిగి పడవలోనే పడుతోంది. పడవ మాత్రం దిగదు. కింద ఇంకో మీటరు లోతుంది, స్పానరు మెరుస్తోంది, మధ్యలో ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాని మీద పడవ మెల్లగా ఊగుతోంది. చూస్తుండగా అటు గోడకి తగిలి, మళ్ళీ ఇటు తిరిగింది, కనపడని అల మీద.

వాచ్‌మన్ రెండు చేతులూ జోడించేశాడు. గేజీ తాత ముప్ఫై ఏళ్ళుగా తను ముల్లులో మాత్రమే చూసిన మనిషిని మొదటిసారి ఎదురుగా చూసినట్టు, నోరు తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. పుస్తకంలో బొమ్మ గీసి పాతిక బ్యాచీలకి చెప్పిన టీచరమ్మకి కూడా కళ్ళు చెమర్చాయి. చెప్పడం వేరు, చూడడం వేరు.

"ఇదిగో," అంది చివరికి. "ఇప్పుడు నిజంగా తేలిపోయింది."

ఇన్‌స్పెక్టర్ నిచ్చెన మీద నుంచి కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇది గాలికంటే ఐదింతలు బరువు. నీళ్ళు నిలబడ్డట్టు గొయ్యిలో నిలబడిపోయింది. వంగి పనిచేసేవాడు మునిగిపోతాడు, మునిగానని కూడా తెలియదు. మీ టెక్నీషియన్ కింద కూర్చుని ఏదో చూస్తున్నాడు. తల తిరిగింది. నిచ్చెనెక్కితే మూతకి గడియ. పడిపోతే చస్తానని తెలిసినవాడు కాబట్టి తనే బెల్టుతో కట్టేసుకున్నాడు. చూడండి, ముడి మెట్టుకి అవతల లేదు, ఇవతల పొట్ట వైపు ఉంది. వేరేవాడు కడితే అక్కడ ముడి వెయ్యలేడు. తల పైన ఉంది, జాలీ దగ్గర. అందుకే బతికాడు."

"గొంతో?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. పట్టు వదిలే మనిషి కాడు.

టీచరమ్మ మూలనున్న ప్లాస్టిక్ మగ్గుకి తాడు కట్టి గొయ్యిలోకి దించింది, బావిలో చేద వేసినట్టు. నిండా తోడి పైకి తీసింది. చూస్తే ఒట్టి మగ్గు. "ఇందులోంచి ఒక్కసారి పీల్చి మాట్లాడితే..."

"ఏదీ, ఇలా తెండి." ఆయన మగ్గు లాక్కున్నాడు.

"ఒక్క గుక్క! కూర్చుని! ఆ తర్వాత వంగి మొత్తం వదిలెయ్యాలి!"

ఇన్‌స్పెక్టర్ కూర్చుని, మగ్గులో ముఖం పెట్టి, గట్టిగా ఒక గుక్క పీల్చాడు. తలెత్తి, సందేహంగా, అలవాటైన ఒక్కమాట అన్నాడు.

"తేలిపోయింది."

అది ఆయన గొంతు కాదు. బాన అడుగునుంచి, భూమి అడుగునుంచి వచ్చిన గొంతు. ఆయనే అదిరిపడి వెనక్కి చూసుకున్నాడు, ఎవరన్నారా అని.

"అదే!" వాచ్‌మన్ అరిచాడు. "అదేనండీ, పొద్దున నేను విన్న గొంతు! తాత గొంతు!"

"తాత నోరు విప్పలేదుగా," అంది టీచరమ్మ. "బరువు గ్యాసులో మాట నెమ్మదిగా నడుస్తుంది. అందుకే ఎవరి గొంతైనా లావైపోతుంది. వంగి వదిలేదాకా అది ఊపిరితిత్తుల అడుగునే ఉండిపోతుంది. పొద్దున జాలీలోంచి అరిచింది మామ కాదు. అల్లుడు."

ఇన్‌స్పెక్టర్ వంగి రెండు మూడుసార్లు ఊపిరి వదిలాడు. ఆ తర్వాత ఆయన చేసిన పనికి టీచరమ్మకి ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది. మారుమాట లేకుండా తాళంచెవి తీసి తాత బేడీలు విప్పాడు.

అప్పుడు పదీ నలభై. ఇంజనీరు ఎప్పుడో పక్కనున్న కంట్రోల్ గదిలోకి వెళ్ళిపోయాడు.

"ఇంకొక్క లెక్క మిగిలింది," అంది ఆవిడ, దారం కొలుస్తూ. "రెండు రెళ్ళు నాలుగు, ఒక మీటరు లోతు. నాలుగు వేల లీటర్ల గ్యాసు. తాతా, ఒక్కో పీపా ఎంత?"

"ఎనిమిది వందల లీటర్లమ్మా."

"ఐదు బార్లు బయటికి వదిలితే?"

తాత వేళ్ళు ముడిచాడు. "ఎనిమిది వందలు ఐదుసార్లు... నాలుగు వేలు." ఆయన వేళ్ళు అలాగే ఉండిపోయాయి. "అంటే ఒక పీపా మొత్తం!"

"పొద్దున చలికి ఐదు ముళ్ళు పడ్డాయి. అవి నిజం చెప్పాయి. పడనిది ఒక్కటే. దాని పక్కన 'అలిగింది' అని రాశావు. ఏమిటి ఆ మాట?"

"ముల్లు కదలకపోతే అలిగిందంటాను. చలికీ ఎండకీ పలకదు, బిగుసుకుని కూర్చుంటుంది. మూడు పొద్దుల నుంచి నాలుగోది అలా ఉంది. నిన్న అల్లుడితో చెప్పాను. 'నీ కళ్ళే మసకలేశాయి మామయ్యా' అని నవ్వాడు. నాకు తిక్కరేగింది. 'పోయి గొయ్యిలో దిగి కిందనుంచి చూడు, ఎవరి కళ్ళు పోయాయో తెలుస్తుంది' అని అరిచాను." తాత గొయ్యి వైపు చూశాడు. "నా మాట మీదే దిగాడు తల్లీ."

టీచరమ్మ నాలుగో గేజీ అద్దం మీద తట్టింది. ముల్లు ఐదు మీద మేకు కొట్టినట్టుంది. నిజంగానే, అద్దం అంచులోంచి దూర్చిన సన్నటి తీగ ఒకటి దాన్ని పట్టుకుని ఉంది. ఎవరో తెలివైనవాడు చేసిన పని. నిండుగా ఉన్న పీపా ముల్లు ఎప్పుడూ ఐదు దగ్గరే ఉంటుందనుకునేవాడు. తెల్లవారుజామున ముల్లుని ఎన్నడూ చూడనివాడు. రోజూ మధ్యాహ్నం మూడింటికి మాత్రమే వచ్చి సంతకం పెట్టేవాడు.

తాత మూడో పీపాకున్న చిన్న కుళాయి ఒక్క క్షణం తిప్పాడు. బుస్సుమంది. నాలుగో దానిది తిప్పాడు. ఏమీ లేదు. మొత్తం తిప్పేశాడు. దీపం ఆరిన ఇంట్లోలా నిశ్శబ్దం.

"ఒట్టిపోయింది," అన్నాడు. "లోపల ఊరి గాలే."

"ఇందులోకి కరెంటు వదిలితే?"

"నిప్పురవ్వని అణిచేవాళ్ళు లేరు. పీపా పేలుతుంది. ఈ హాలూ ఉండదు, ఆ గదీ ఉండదు, మనమూ ఉండం."

నాలుగు వెయ్... నాలుగు వెయ్... ముక్కలైన ఆ మాట చివర ఏముందో టీచరమ్మకి ఇప్పుడు వినపడింది. చావు గొంతు దాకా వచ్చిన మనిషి 'నన్ను తియ్యండి' అని అరవలేదు. నాలుగు వెయ్యొద్దు, నాలుగో లైను వెయ్యొద్దు అని అరిచాడు.

"టైమెంత?"

"పదీ యాభై రెండు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, అప్పటికే పరిగెడుతూ.

కంట్రోల్ గదిలో ఇంజనీరు బల్ల మీది కాగితాలు సర్దుకుంటున్నాడు. చెప్పింది విని చిరునవ్వు నవ్వాడు గానీ పెదవులు తెల్లబడ్డాయి. "గేజీ నిండుగా చూపిస్తోందిగా. అయినా స్విచ్ ఇక్కడ లేదు. పదకొండింటికి పైఆఫీసు వాళ్ళు అక్కణ్ణుంచే వేస్తారు. వాళ్ళని ఆపాలంటే డ్యూటీలో ఉన్న గేజీ మనిషి ఫోన్లో చెప్పాలి. ఇంకెవరు చెప్పినా వినరు."

తాత ఫోనందుకున్నాడు. అవతల్నించి వచ్చిన జవాబు గదంతా వినపడింది. "నువ్వా? నీ మాట నమ్మొద్దని పొద్దున పోలీసులు చెప్పారు. పెట్టెయ్."

పదీ యాభై ఆరు.

ఆ చెప్పిన పోలీసు ఎవరో ఎవరూ అడగలేదు. ఇన్‌స్పెక్టర్ ముఖం కందిపోయింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎన్నడూ అనని మాట ఆయన ఇప్పుడు అనాలి. ఫోన్ లాక్కుని ఒక్క గుక్కలో అనేశాడు.

"ఇన్‌స్పెక్టర్ని మాట్లాడుతున్నా. నేను పొరపడ్డాను. పూర్తిగా పొరపడ్డాను. ఈయన చెప్పినట్టు చెయ్యండి."

రిసీవర్ తాత చేతికిచ్చాడు. తాత రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాలుగు వెయ్యొద్దు," అన్నాడు. "నాలుగు వెయ్యొద్దు బాబూ."

ఆ లావుగొంతు గది గోడలకి కొట్టుకుని మూలమూలకీ వెళ్ళింది. పదీ యాభై ఎనిమిదికి అవతల్నించి "సరే, ఆపేశాం" అన్న మాట వచ్చింది. ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కూలబడ్డాడు.

అప్పుడు టీచరమ్మ ఇంజనీరు వైపు చూసింది. అతను గోడకి అంటుకుపోయాడు. కళ్ళు తాత మీద ఉన్నాయి.

"మళ్ళీ అదే..." అన్నాడు, తనలో తను.

"మళ్ళీనా?" టీచరమ్మ నెమ్మదిగా అడిగింది. "తమరు ఎనిమిదింటికి వచ్చారు కదా. ఆ మాట వినపడింది ఐదూ పదికి. తమరికి 'మళ్ళీ' ఎలా అయింది?"

ఇస్త్రీ చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.

"పీపా గొయ్యిలోకి కారుతోందని తెలిసి బాగుచేయించలేదు. ముల్లుని తీగతో బిగించారు. ఇవాళ ఎలాగో వేయించేస్తే చాలనుకున్నారు. తెల్లవారుజామున చూసుకోడానికి వస్తే గొయ్యి మూత తెరిచి ఉంది, కింద లైటు. అంతేనా?"

"నేను చంపాలనుకోలేదు..." అన్నాడతను. "గడియ పెట్టాను. పదకొండు దాటాక తీద్దామనుకున్నాను. లోపల్నించి అరిచాడు. ఆ పిల్లాడి గొంతైతే తీసేవాణ్ణే. ఒట్టు. నేను... తాతనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచాడు.

"మూడు రోజులుగా ఆ రిజిస్టర్లో అలిగింది, అలిగింది అని రాస్తున్నది తాత," అన్నాడు ఇంజనీరు. "అల్లుడు దిగుతాడని నేనేం కలగన్నానా?"

గేజీ తాతకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. బేడీల గుర్తులు ఎర్రగా పడిన మణికట్టుని ఇంకో చేత్తో పట్టుకుని, ఆయన ఇంజనీరుని కాదు, టీచరమ్మని అడిగాడు.

"అంటే అమ్మా, ఆ గడియ నా మీద వేసిందా?"

"అవును తాతా."

"వాడు నా చావు చస్తున్నాడా ఆస్పత్రిలో?"

తాత కండువాతో ముఖం కప్పుకున్నాడు. ఆ లావుగొంతు ఏడుపుకి పనికిరాదేమో, చప్పుడేమీ రాలేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. తర్వాత లేచి, ఎవరినీ చూడకుండా, ఆస్పత్రి దారి ఎటో అడుగుతూ గుమ్మం దాటాడు. ఇన్‌స్పెక్టర్ జీపు తాళాలు తీసుకుని ఆయన వెనకే పరిగెత్తాడు.